యుద్ధ విమానం దిగి తపాలా సంచి మోసినవాడు: జాన్ మెర్మోజ్



ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఎప్పటిలాగే మన దేశ నాయకులలో ఒకరి గురించి రాద్దామనుకున్నాను. ఈలోగా ఒక చిన్న సంగతి జరిగి ఆలోచన మారింది.

మన సంఘ సభ్యులే అయిన ఒక మిత్రుని కుమారుడు వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు పైలట్‌గా పనిచేసి, వింగ్ కమాండర్ హోదాలో బయటికి వచ్చాడు. ఇప్పుడు విమాన సంస్థలో చేరే ప్రయత్నంలో ఉన్నాడు. మొన్న వాళ్ళింటికి వెళ్ళేసరికి, నలభై దాటిన ఆ అబ్బాయి పదో తరగతి పిల్లవాడిలా బల్ల ముందు కూర్చుని వాతావరణ శాస్త్రం, నావిగేషన్, విమానయాన నిబంధనలు వల్లె వేస్తున్నాడు. ఇంతకాలం విమానం నడిపినవాడికి ఇంకా పరీక్షలేమిటి బాబూ అని అడిగాను. సైన్యంలో నడిపిన గంటలు లెక్కలోకి వస్తాయిగానీ, ప్రయాణికులను తీసుకువెళ్ళడానికి సివిల్ లైసెన్సు వేరే ఉండాలని, దానికి డి.జి.సి.ఏ. వారి పరీక్షలు రాయాలని, ఆపైన ఆ సంస్థ నడిపే రకం విమానం మీద మళ్ళీ శిక్షణ పొందాలని చెప్పాడు. ఉద్యోగం వచ్చినా మొదట కుడివైపు సీటేనట. తనకంటే పదేళ్ళు చిన్నవాడు ఎడమ సీట్లో కెప్టెన్‌గా ఉంటే అతని మాట వినాలి. సీనియారిటీ చేరిన తేదీ నుంచే. ఆ అబ్బాయి ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. పక్కన కూర్చున్న తండ్రి ముఖంలో మాత్రం నవ్వు లేదు.

ఇంటికి వస్తూంటే, చాలా ఏళ్ళ క్రితం జిల్లా గ్రంథాలయంలో చదివిన ఒక ఫ్రెంచి వైమానికుని చరిత్ర గుర్తుకు వచ్చింది. నూరేళ్ళ క్రితం సరిగ్గా ఇదే దారిన నడిచినవాడు. ఆయన పేరు జాన్ మెర్మోజ్.

బాల్యం, సైన్యం

మెర్మోజ్ 1901 డిసెంబరు 9న ఉత్తర ఫ్రాన్సులోని ఓబాంతన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు చిన్నతనంలోనే విడిపోయారు. తాతగారింట కట్టుదిట్టమైన క్రమశిక్షణలో పెరిగాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి తల్లినీ కొడుకునూ కొంతకాలం వేరుచేసింది. ఆ తరువాత పారిస్‌లో తల్లి దగ్గర ఉండి చదువుకున్నాడు. ఆమె నర్సుగా పనిచేసి కొడుకును పోషించింది. చివరి పరీక్ష తప్పడంతో చదువు ఆగిపోయింది.

1920లో సైన్యంలో చేరాడు. విమానాలంటే మొదటినుంచీ మోజున్నవాడేమీ కాదు. వైమానిక శాఖ దొరికింది, వెళ్ళాడు. దక్షిణాన ఇస్త్ర్ అనే చోట శిక్షణ. విమానాలు పాతవి, ప్రమాదాలు నిత్యకృత్యం. 1921లో పైలట్ పట్టా చేతికి వచ్చింది. 1922లో, అప్పటికి ఫ్రాన్సు అధీనంలో ఉన్న సిరియాకు స్వచ్ఛందంగా వెళ్ళాడు. అక్కడి ఎడారిలో ఒకసారి ఇంజను ఆగిపోయి దిగవలసివచ్చి, దప్పికతో రోజుల తరబడి నడిచి ప్రాణాలు దక్కించుకున్నాడు. 1923లో స్వదేశానికి తిరిగివచ్చాక థియోన్‌విల్‌లో ఒక ఫైటర్ రెజిమెంటులో వేశారు. ఎడారిలో స్వతంత్రంగా ఎగిరినవాడికి ఇక్కడి కవాతులూ, పై అధికారుల అదిలింపులూ గిట్టలేదు. 1924లో సార్జెంట్‌గా సైన్యం వదిలి బయటికి వచ్చేశాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. చేతిలో పైలట్ పట్టా, ఫ్లైయింగ్ లాగ్ పుస్తకం తప్ప మరేమీ లేవు.

పారిస్ వీధుల్లో

అనుభవమున్న పైలట్‌ను ఎవరైనా కళ్ళకద్దుకుని తీసుకుంటారని అతను అనుకున్నాడు. కానీ యుద్ధం ముగిసి ఆరేళ్ళయింది. సైన్యం నుంచి బయటపడ్డ పైలట్లు వందల సంఖ్యలో ఉన్నారు. విమాన సంస్థలు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని. ప్రతి కంపెనీకీ దరఖాస్తు పెట్టాడు. కొన్ని చోట్ల ఖాళీలు లేవన్నారు, కొన్ని చోట్ల జవాబే లేదు.

ఆ నెలల్లో మెర్మోజ్ చేయని పని లేదు. కార్లు కడిగాడు. రాత్రి కాపలా కాశాడు. ఒక సినిమా కోసం విమానాన్ని కూల్చే సాహస దృశ్యంలో పనిచేశాడు. అద్దె కట్టలేక, తిండికి లేక, దిక్కులేనివారికి పెట్టే గంజి కోసం వరుసలో నిలబడ్డాడు. నా మనసుకు బాగా తగిలిన విషయం ఇంకొకటి ఉంది. కొంతకాలం అతను వెయ్యికింతని కూలికి కాగితాల మీద చిరునామాలు రాసే పని చేశాడు. నేను 1972లో ఎల్.డి.సి.గా చేరినప్పుడు నన్ను మొదట వేసింది డిస్పాచ్ సెక్షన్‌లోనే. రోజంతా కవర్ల మీద అడ్రసులు రాసి, స్టాంపుల రిజిస్టరు సరిచూసుకుని ఇంటికి వెళ్ళేసరికి వేళ్ళు కొంకర్లు పోయేవి. నాకది ఉద్యోగానికి మొదటి మెట్టు. ఆకాశం నుంచి దిగివచ్చిన మెర్మోజ్‌కు అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే. ఓడలు బళ్ళవడమంటే ఇదే.

1924 శరత్కాలంలో తులూజ్ నగరం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. లతెకోయేర్ కంపెనీ వారు ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

సిలిండర్లు కడిగే పైలట్

ఈ కంపెనీ గురించి కొంచెం చెప్పాలి. పియేర్ లతెకోయేర్ అనే పారిశ్రామికుడు 1918లో దీన్ని తలపెట్టాడు. తులూజ్ నుంచి స్పెయిన్ మీదుగా ఆఫ్రికాకు, అక్కడినుంచి దక్షిణ అమెరికాకు విమానాల్లో ఉత్తరాలు చేరవేయాలని ఆయన సంకల్పం. 1919 నాటికి మొరాకోకు దారి పడింది. ఇందుకు వాడిన బ్రెగే 14 విమానాలు యుద్ధంలో బాంబులు వేయడానికి, శత్రువుల జాడ తీయడానికి చేసినవి. అంటే ఆ కంపెనీలో పైలట్లే కాదు, విమానాలు కూడా సైన్యం నుంచి రిటైరయినవే. బాంబులు మోసినవి ఇప్పుడు తపాలా సంచులు మోయాలి. పైలట్ కూర్చునే చోటికి పై కప్పు లేదు. వానైనా మంచైనా ముఖం మీదే.

అక్కడ కార్యకలాపాల అధికారి దిదియే దోరా. ఆయనా మాజీ సైనిక పైలటే, యుద్ధంలో గాయపడినవాడే. తరువాతి కాలంలో సెయింట్ ఎగ్జూపెరి రాసిన నైట్ ఫ్లైట్ నవలలో కఠినుడైన అధికారి పాత్రకు మూలం ఈయనే. మెర్మోజ్ తన లాగ్ పుస్తకం ముందుపెట్టాడు. దోరా దాన్ని తిరగేసి, సిరియాలోని వందల గంటలను చూసి ఏమాత్రం చలించలేదు. విమానం సంగతి తరువాత, ముందు వర్క్‌షాపుకు వెళ్ళమన్నాడు. కొత్తగా వచ్చే ప్రతి పైలట్‌కూ అక్కడ అదే నియమం. మెర్మోజ్ మెకానిక్కుల దుస్తులు తొడుక్కుని, జిడ్డు పట్టిన సిలిండర్లు కడుగుతూ, ఇంజన్లు విప్పుతూ వారాలు గడిపాడు.

చివరికి పరీక్ష రోజు వచ్చింది. విమానం ఇచ్చి ఎగరమన్నారు. ఇన్నాళ్ళుగా అణచుకున్నదంతా చూపించే అవకాశం దొరికిందనుకున్నాడు మెర్మోజ్. సైన్యంలో నేర్చిన విన్యాసాలన్నీ చేశాడు. నిటారుగా లేచాడు, మొగ్గలు వేశాడు, నేలను తాకుతున్నట్టుగా దూసుకువచ్చాడు. దిగేసరికి దోరా అక్కడ లేడు. వెదుక్కుంటూ వెళితే, ఆయన చల్లగా, ఇక్కడ మాకు గారడీవాళ్ళు అక్కరలేదు, సర్కస్‌కు వెళితే పని దొరుకుతుందన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు.

మెర్మోజ్‌కు ఒళ్ళు మండింది. మూట సర్దుకుని వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు. దోరా వచ్చి మళ్ళీ ఎగరమన్నాడు. ఈసారి నేరుగా నెమ్మదిగా పైకి లేవాలి. రెండు వందల మీటర్ల ఎత్తులో వెడల్పుగా ఒక చుట్టు తిరగాలి. సాఫీగా దిగాలి. అంతే. పైలట్ స్కూలులో మొదటి నెలలో చేయించే పని. మెర్మోజ్ కోపం మింగుకుని అలాగే చేశాడు. ఉద్యోగం వచ్చింది.

నా సొంత సంగతి

ఇక్కడ కథ ఆపి, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 2008లో పదవీ విరమణ అయ్యాక, ఇంటి అవసరాల కోసం ఒక ప్రైవేటు సంస్థలో ఆఫీసు పనికి వెళ్ళాను. ముప్ఫై ఏళ్ళ మేనేజరు నాకు తెల్లకాగితం ఇచ్చి, ఫలానా విషయం మీద ఒక ఉత్తరం రాసి చూపించమన్నాడు. ముప్ఫై ఆరేళ్ళు డ్రాఫ్టులు రాసినవాణ్ణి. కలెక్టర్లు మార్చకుండా సంతకం చేసిన డ్రాఫ్టులు అవి. పెన్ను కాగితం మీద పెట్టి లేచి వచ్చేశాను. ఇంట్లో అడిగితే అక్కడి వాతావరణం బాగులేదని చెప్పాను. నిజానికి వాతావరణంలో లోపమేమీ లేదు. ఆ కుర్రవాడు అడగవలసిందే అడిగాడు. కుర్చీ దిగినా కుర్చీ నాతోనే ఉందనుకున్నాను. ఆ ఏడాది మా ఇంట్లో ఎంత ఇబ్బంది పడ్డామో ఆ దేవుడికి తెలుసు.

మెర్మోజ్ కూడా వెళ్ళిపోవడానికి మూట సర్దుకున్నవాడే. వెళ్ళకపోవడమే అతని జీవితాన్ని మలుపు తిప్పింది.

ఎడారి దారి, రాత్రి దారి

మొదట తులూజ్, బార్సిలోనా మధ్య, తరువాత మలాగా వరకు, ఆపైన ఆఫ్రికాలో కాసాబ్లాంకా నుంచి డకార్ దారిలో మెర్మోజ్ తపాలా మోశాడు. సహారా మీద ఇంజను ఆగితే దప్పిక ఒకటి, ఎడారి తెగలవారి చేతికి చిక్కడం మరొకటి. అందుకే రెండేసి విమానాలు కలిసి వెళ్ళేవి. 1926లో మెర్మోజ్ అలాగే దిగవలసివచ్చి మూర్ తెగలవారికి బందీ అయ్యాడు. కంపెనీ సొమ్ము చెల్లించి విడిపించింది. అదే సంవత్సరం మరో ఇద్దరు సహోద్యోగులు ఆ ఎడారిలోనే హతులయ్యారు.

1927లో కంపెనీ చేతులు మారి ఏరోపోస్టల్ అనే పేరు వచ్చింది. మెర్మోజ్‌ను చీఫ్ పైలట్‌గా దక్షిణ అమెరికా పంపారు. అక్కడ ఒక చిక్కు ఉంది. పగలు విమానం సంపాదించిన సమయమంతా రాత్రి ఆగడంతో పోయేది. రైలూ ఓడా రాత్రి కూడా నడుస్తాయి మరి. రాత్రి కూడా ఎగరవలసిందేనని మెర్మోజ్ నిశ్చయించాడు. దిగే చోట దీపాలు లేవు. పెట్రోలు మంటలు వెలిగిస్తే అవే గుర్తు. తోటి పైలట్లు ఇది పిచ్చితనమన్నారు. అతను ఎవరికీ ఆర్డరు వేయలేదు. 1928 ఏప్రిల్‌లో ముందు తానే వెళ్ళి వచ్చాడు. తరువాత మిగతావారు వెళ్ళారు.

1929లో ఆండీస్ పర్వతాల మీదుగా చిలీకి దారి వెదుకుతూ, మెకానిక్ కొలెనోతో కలిసి నాలుగు వేల మీటర్ల ఎత్తున ఒక బండల మైదానంలో దిగవలసివచ్చింది. చుట్టూ మంచు, పక్కనే లోయ. కొలెనో చేతికి దొరికిన గుడ్డముక్కలతో, తీగలతో విమానానికి రోజుల తరబడి అతుకులు వేశాడు. అనవసరమైన బరువంతా తీసి పారేశారు. ఆపైన మెర్మోజ్ విమానాన్ని వాలు మీద దొర్లించి, లోయ అంచునుంచి గాలిలోకి దూకించి బయటపడ్డాడు. ఆ గాలిలోకి దూకడం గురించే అందరూ చెబుతారు. నాకు మాత్రం దానికి ముందు గడిచిన ఆ చలి రోజులే ముఖ్యమనిపిస్తాయి. తన ప్రాణాన్ని పూర్తిగా మెకానిక్ చేతికి వదలి, అతను చెప్పిన పని చేస్తూ కూర్చోవడం, ఒకప్పుడు సిలిండర్లు కడిగిన పైలట్‌కు తేలికై ఉంటుంది.

సముద్రం మీద

అప్పటికి దారిలో మిగిలిన లోటు అట్లాంటిక్ సముద్రం. ఆఫ్రికా నుంచి బ్రెజిల్‌కు తపాలా ఓడల మీద వెళుతుండేది. దాన్ని దాటడానికి నీటి మీద దిగే విమానం కావాలి. దాన్ని నడపడానికి లైసెన్సు వేరు. చీఫ్ పైలట్ మెర్మోజ్ మళ్ళీ విద్యార్థి అయి ఆ పట్టా సంపాదించాడు. 1930 మే 12న నావిగేటర్ దాబ్రి, రేడియో ఆపరేటర్ జిమియేలతో సెనెగల్‌లోని సెయింట్ లూయీలో బయలుదేరి, మూడు వేల కిలోమీటర్లకు పైగా సముద్రాన్ని సుమారు ఇరవై ఒక్క గంటల్లో దాటి, మరునాడు బ్రెజిల్‌లోని నటాల్ చేరాడు. విమానంలో తపాలా ఉంది. దక్షిణ అట్లాంటిక్ మీద పూర్తిగా విమానంలోనే వెళ్ళిన మొదటి తపాలా అది.

ఆ సంతోషం నిండుగా లేదు. అతనికి ఎదురువెళ్ళడానికి బయలుదేరిన పాత మిత్రుడు, పైలట్ నెగ్రె, కంపెనీ అధికారి ప్రాన్‌విల్ మే 10నే మాంటెవిడియో దగ్గర నీళ్ళలో మునిగి చనిపోయారు. తిరుగు ప్రయాణం కూడా కష్టమే అయింది. నటాల్‌లో నీటి మీదనుంచి విమానం లేవడానికే ఎన్నో విఫల ప్రయత్నాలు జరిగాయి. జూలైలో లేచినా, చమురు కారిపోయి నడిసముద్రంలో కంపెనీ ఓడ పక్కన దిగవలసివచ్చింది. తపాలా సంచులను ఓడలోకి చేర్చారు. విమానం మునిగిపోయింది. ఉత్తరాలు చేరాయి.

1931లో ఏరోపోస్టల్ అప్పుల్లో కూరుకుపోయింది. 1933లో దాన్ని ఎయిర్ ఫ్రాన్స్‌లో కలిపారు. ఆ సంవత్సరం జనవరిలో మెర్మోజ్ మూడు ఇంజన్ల విమానంలో అదే సముద్రాన్ని పదిహేను గంటల లోపే దాటాడు. ఇన్‌స్పెక్టర్ హోదా వచ్చింది. చివరి సంవత్సరాల్లో కర్నల్ ద లా రాక్ నడిపిన జాతీయవాద పక్షంలో చేరి, దాని ఉపాధ్యక్షుడూ అయ్యాడు. దీన్ని ఆనాడే మెచ్చనివారు చాలామంది ఉన్నారు. ఆ సంగతీ చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది.

ఆఖరి ప్రయాణం

1936 ఫిబ్రవరిలో ఆండీస్‌లో ప్రాణం కాపాడిన కొలెనో, విమానంతో సహా అట్లాంటిక్‌లో అదృశ్యమయ్యాడు. అదే సంవత్సరం డిసెంబరు 7న మెర్మోజ్ మరో నలుగురితో క్రాయ్ ద్యూ సూద్ అనే నాలుగు ఇంజన్ల విమానంలో డకార్ నుంచి బయలుదేరాడు. ఆ పేరుకు దక్షిణ శిలువ నక్షత్రమండలమని అర్థం. ఇరవైకి పైగా సార్లు ఆయన ఆ సముద్రం దాటి ఉన్నాడు. కొంతసేపటికే కుడివైపు వెనుక ఇంజను ప్రొపెల్లర్ తేడా చేయడంతో వెనక్కి వచ్చాడు. మరో విమానం సిద్ధంగా లేదు. ఉన్నదాన్నే బాగుచేయించి, తపాలా ఆలస్యమవుతోందని మళ్ళీ ఎక్కాడు. ఉదయం 10 గంటల 47 నిమిషాలకు కుడివైపు వెనుక ఇంజను ఆపుతున్నామని రేడియోలో ఒక ముక్క వచ్చింది. ఆ తరువాత ఏమీ లేదు. మనుషులూ దొరకలేదు, విమానమూ దొరకలేదు. ముప్ఫై అయిదో పుట్టినరోజుకు ఇంకా రెండు రోజులుంది.

ఆ రెండోసారి ఎక్కడం సరైనదేనా అని నాలో నేను చాలాసార్లు తర్కించుకున్నాను. ఈనాటి తపాలు ఈనాడే వెళ్ళాలన్న పట్టుదల మన సెక్షన్లలోనూ చూశాం. అది మంచి పట్టుదలే. కానీ తపాలు ఒకరోజు ఆలస్యమైతే సంజాయిషీ రాసుకోవచ్చు. ఈ రోజున విమాన సంస్థలలో అనుమానమున్న విమానాన్ని ఎక్కనని చెప్పడం పైలట్ కర్తవ్యంలో భాగం. అది పిరికితనం కింద లెక్కకాదు. ఈనాడు మిత్రుని కుమారుడు వల్లె వేస్తున్న నిబంధనల్లో చాలా వాటి వెనుక ఇలాంటి ప్రాణాలే ఉన్నాయి. దోరా నేర్పిన పాఠంలో సగం మెర్మోజ్ కాలంలో రాసుకున్నారు, మిగతా సగం అతని వంటివారు పోయాక రాసుకున్నారు.

మన దగ్గర

ఈ దారికి మన ప్రాంతంతోనూ చుట్టరికం ఉంది. 1932 అక్టోబరులో టాటా వారి తొలి తపాలా విమానాన్ని జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయి తెస్తే, అక్కడినుంచి బళ్ళారి మీదుగా మద్రాసుకు తెచ్చినవాడు నెవిల్ విన్సెంట్. ఆయనా బ్రిటిష్ వైమానిక దళం వదిలి వచ్చినవాడే. ఆ సర్వీసు ఆలోచనను టాటాల ముందు పెట్టింది కూడా ఆయనే. 1942లో యుద్ధకాలంలో విమాన ప్రయాణంలోనే ఆయన కన్నుమూశాడు.

ఈ వ్యాసం కాగితం మీద పెట్టాక, మిత్రుని ఇంటికి వెళ్ళి మెర్మోజ్ కథ చెప్పాను. అబ్బాయికి ఆ పేరు ముందే తెలుసు. సిలిండర్ల సంగతి, రెండు వందల మీటర్ల చుట్టు సంగతి మాత్రం వాళ్ళ నాన్నగారికి కొత్త. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, ఈ సంచిక అచ్చయ్యాక రెండు కాపీలు ఇప్పించమన్నారు. పరీక్ష వచ్చే నెలలో ఉంది. ఆ అబ్బాయికి మన సంఘం తరఫున శుభాకాంక్షలు.

సర్వీసు వదిలి బయటికి వచ్చి, ఎక్కడో మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడిన సభ్యులు మనలో ఇంకా ఉండవచ్చు. తెల్లకాగితం ఇచ్చి రాయమంటే దయచేసి రాయండి. నాలాగా లేచి రావద్దు.